ఆశీర్వాదం పలికాక సంఘం పని మొదలవుతుంది



బీపీ, షుగరు, పిల్లల టీకాల గురించి రాసే ఈ పత్రికలో సంఘ జీవితం గురించి ఎందుకు రాస్తున్నారని మీలో కొందరు అడగవచ్చు. గుడి సంగతి అయ్యగారు చూసుకుంటారు, మీరు ఆసుపత్రి సంగతి చూసుకోండి అని కూడా అనవచ్చు. కాని వార్డుల్లో రోజూ చూసేదాన్ని బట్టి ఈ రెండూ వేర్వేరు సంగతులు కావని మాకు తెలిసింది. మందుతో తగ్గే జబ్బు మందుతో తగ్గుతుంది. అయితే మందు సగంలో మానేసేవారు, జబ్బు బాగా ముదిరాక వచ్చేవారు, నయమై ఇంటికి వెళ్లి దిగులుతో మళ్లీ మంచం పట్టేవారు ఉన్నారు. వారితో మాట్లాడితే చాలామంది నోట ఒకే మాట వస్తుంది. "నన్ను అడిగేవాళ్లు ఎవరున్నారండీ?"

అడిగేవాళ్లు లేరన్న ఆ మనిషికి ఒక సంఘం ఉంటుంది. ఆ సంఘపు రిజిస్టరులో పేరు ఉంటుంది. బాప్తిస్మం, ధృవీకరణ, పెళ్లి అన్నీ అక్కడే జరిగి ఉంటాయి. అయినా ఆరు వారాలు గుడికి రాకపోతే ఎవరూ గమనించలేదు. ఈ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఇదే. సంఘ సహవాసానికి కొలత ఆదివారం నిండిన బెంచీలు కాదు. ఖాళీగా ఉన్న చోటు ఎవరిదని ఆ వారంలోనే ఎవరైనా అడిగారా అన్నదే కొలత.

ఎపిస్కోపల్ సంఘం నుండి నేర్చుకోదగినది

మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. వారి దగ్గరకు వెళ్లి కొన్ని నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు అక్కడి గుళ్ల గురించి చెబుతుంటారు. అక్కడ ఎపిస్కోపల్ సంఘం అనేది ఒకటి ఉంది. ఎపిస్కోపల్ అంటే బిషప్పుల నడిపింపు గలది అని అర్థం. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, 1789లో, ఇంగ్లండు సంఘం నుండి విడిగా ఏర్పడిన ఆంగ్లికన్ సంఘం అది. మనకు అది పరాయిది కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో కలిసిన సంఘాల్లో ఆంగ్లికన్ సంఘం ఒకటి. మచిలీపట్నం, దోర్నకల్, నంద్యాల ప్రాంతాల పెద్దవారికి ఆ పాత ప్రార్థన పుస్తకపు క్రమం ఇప్పటికీ నోటికి వచ్చు.

కాబట్టి మన వాళ్లు అక్కడి పారిష్‌కు వెళితే ఆరాధన కొత్తగా అనిపించదు. వాక్య పఠనం, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపన ప్రార్థన, ప్రభు భోజనం అన్నీ తెలిసిన వరుసలోనే ఉంటాయి. రోగులను గురించి వాళ్లు పాటించే కొన్ని అలవాట్లు మాత్రం మనం శ్రద్ధగా చూడవలసినవి.

విజ్ఞాపన ప్రార్థనలో జబ్బుగా ఉన్నవారిని పేరు పెట్టి తలచుకుంటారు. పేరు వినగానే బెంచీలో ఉన్నవారికి తెలుస్తుంది, ఫలానా ఆమె ఆసుపత్రిలో ఉంది, ఫలానా ఆయన ఇంట్లో పడి ఉన్నాడు అని. తరువాత సమాధానం పంచుకుంటారు. చేతులు కలిపి పలకరించుకునే ఆ రెండు నిమిషాల్లో ఎవరు వచ్చారో ఎవరు రాలేదో కూడా తెలిసిపోతుంది.

ఆరాధన అయ్యాక చాలా పారిష్‌లలో హాలులో కాఫీ అవర్ అని పెడతారు. కాఫీ, బిస్కెట్లు, ఎవరైనా ఇంట్లో చేసి తెచ్చిన కేకు, అంతే. కాని ఒంటరిగా బతికే ముసలివారికి ఆ వారం మొత్తంలో నలుగురితో కూర్చుని మాట్లాడే సమయం అదొక్కటే కావచ్చు. మోకాలు నొప్పి అని, నిద్ర పట్టడం లేదని, ఈమధ్య అన్నం సహించడం లేదని వాళ్లు చెప్పేది డాక్టరు దగ్గర కంటే ముందు అక్కడే. కొన్ని పారిష్‌లలో నర్సు ఒకరు సంఘ సేవగా ఆ రోజు బీపీ చూస్తారు, ఎవరు డాక్టరు దగ్గరకు వెళ్లాలో చెబుతారు. ఈ పారిష్ నర్సు పద్ధతిని 1980ల్లో చికాగో దగ్గర గ్రేంజర్ వెస్ట్‌బెర్గ్ అనే లూథరన్ పాస్టరుగారు మొదలుపెట్టారు. తరువాత ఎపిస్కోపల్ సంఘాలతో సహా చాలా సంఘాలకు అది పాకింది.

వీటన్నిటిలో మాకు మరీ నచ్చినది ఇంకొకటి ఉంది. గుడికి రాలేని రోగులకు సంస్కారం తీసుకువెళ్లడానికి శిక్షణ పొంది బిషప్ అనుమతి ఉన్న సామాన్య సంఘ సభ్యులను నియమిస్తారు. వారు టీచర్లు కావచ్చు, రిటైరైన గుమాస్తాలు కావచ్చు. ఆదివారం బల్ల మీద ప్రతిష్ఠించిన రొట్టెను, ద్రాక్షారసాన్ని చిన్న పెట్టెలో ఉంచి వారి చేతికిస్తారు. చాలా చోట్ల సంఘమంతా చూస్తుండగానే గురువుగారు వారిని పంపుతారు. వారు తిన్నగా రోగి ఇంటికో, ఆసుపత్రికో, వృద్ధుల ఆశ్రమానికో వెళతారు. వాక్యం చదివి, ప్రసంగంలో ఏం చెప్పారో నాలుగు మాటల్లో చెప్పి, సంస్కారం ఇస్తారు. మంచంలో ఉన్నవారికి అందేది మిగిలిపోయినది కాదు. అది ఆ ఉదయం సంఘమంతా తిన్న అదే రొట్టె. రోగి కూడా ఆ ఆరాధనలో ఉన్నట్టే లెక్క.

జ్వరం ఊరిని ఖాళీ చేసినప్పుడు

ఇవన్నీ సుఖంగా ఉన్న దేశపు అలవాట్లు, మనకు సాగవు అనుకునేవారు ఉంటారు. కాని ఆ సంఘ చరిత్రలో అతి గొప్ప పేజీలు కష్టకాలంలో రాసినవే. రెండు సంగతులు చెబుతాం.

ఫిలడెల్ఫియాలో 1787లో అబ్సలోం జోన్స్, రిచర్డ్ అలెన్ అనే ఇద్దరు నల్లజాతి క్రైస్తవులు ఒక సంఘం పెట్టారు. ఇద్దరూ బానిసలుగా పుట్టి విడుదల సంపాదించుకున్నవారే. సభ్యులు నెలకు ఒక షిల్లింగు చొప్పున వేయాలి. ఆ డబ్బుతో జబ్బుపడినవారిని, విధవరాండ్రను, తండ్రిలేని పిల్లలను చూడాలి. మన ఆడవారి పొదుపు సంఘం లాంటిదే. వండే ముందు పిడికెడు బియ్యం తీసి కానుకగా పక్కన పెట్టే మన ఇళ్ల అలవాటు వంటిదే. 1793లో ఆ పట్నానికి పచ్చజ్వరం వచ్చింది. సుమారు 50 వేల జనాభాలో దాదాపు 5 వేల మంది చనిపోయారు. డబ్బున్నవారు ఊరు విడిచి పారిపోయారు. భర్తను భార్య, పిల్లలను తల్లిదండ్రులు వదిలి వెళ్లిన ఇళ్లు కూడా ఉన్నాయి. అప్పుడు జోన్స్, అలెన్ తమ వారిని వెంటబెట్టుకుని వీధి వీధి తిరిగి రోగులకు సేవ చేశారు, శవాలను పాతిపెట్టారు. నల్లవారికి ఈ జ్వరం సోకదని అప్పటి వైద్యులు కొందరు నమ్మారు. అది తప్పు. సేవ చేసినవారిలో చాలామంది చనిపోయారు. పైగా జ్వరం తగ్గాక, వీరు డబ్బు కోసం చేశారని నింద కూడా వచ్చింది. దానికి వారిద్దరూ 1794లో ఒక చిన్న పుస్తకం ద్వారా జవాబిచ్చారు.

తెల్లవారి గుడిలో తమను వేరుగా కూర్చోబెట్టారని ప్రార్థన మధ్యలోనే లేచి వచ్చేసినవారు వీరు. ఆ జ్వరం తర్వాతి సంవత్సరం, 1794లో, జోన్స్ నాయకత్వంలో సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ సంఘం ప్రారంభమైంది. తరువాత ఆయన ఎపిస్కోపల్ సంఘంలో మొదటి నల్లజాతి గురువు అయ్యారు. అంటే ఆ పారిష్ పుట్టుకలోనే రోగుల కోసం వేసిన షిల్లింగులు ఉన్నాయి. ముందు ఒకరినొకరు చూసుకోవడం వచ్చింది, తరువాతే గుడి గోడలు లేచాయి.

రెండవది మెంఫిస్ పట్నం సంగతి. 1878లో అక్కడా అదే పచ్చజ్వరం వచ్చింది. పారిపోగలిగినవారు సుమారు 25 వేల మంది పారిపోయారు. మిగిలినవారిలో సుమారు 5 వేల మంది చనిపోయారు. ఆ పట్నపు ఎపిస్కోపల్ కెథడ్రల్ దగ్గర సెయింట్ మేరీ సమాజపు సహోదరీలు ఆడపిల్లల బడి నడుపుతుండేవారు. వారి పెద్ద సిస్టర్ కాన్‌స్టన్స్ అప్పుడు సెలవు మీద న్యూయార్కు వైపు ఉన్నారు. వార్త వినగానే రైలెక్కి జ్వరం ఉన్న ఊరికి తిరిగి వచ్చారు. అనాథలైన పిల్లలను చేరదీశారు, ఇల్లిల్లు తిరిగి సేవ చేశారు. సెప్టెంబరు 9న ఆమె మరణించారు. మరి ముగ్గురు సహోదరీలు, ఇద్దరు గురువులు కూడా ఆ సేవలోనే ప్రాణాలు విడిచారు. ఎపిస్కోపల్ సంఘం ప్రతి సంవత్సరం సెప్టెంబరు 9న వారిని జ్ఞాపకం చేసుకుంటుంది.

ప్రాణం ఇవ్వమని మేము ఎవరినీ అడగడం లేదు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పచ్చజ్వరం ముట్టుకుంటే వచ్చేది కాదు. దోమ వల్ల వస్తుందని క్యూబా డాక్టరు కార్లోస్ ఫిన్లే 1881లో చెప్పారు, 1900లో వాల్టర్ రీడ్ బృందం దాన్ని రుజువు చేసింది. మన ఊళ్లలో డెంగీ తెచ్చేది కూడా అదే జాతి దోమ. అంటే 1793లోనూ 1878లోనూ జనం రోగి చేతిని చూసి భయపడ్డారు. భయపడవలసినది పెరటి తొట్టిలోని నీటిని చూసి. భయం తప్పు కాదు గాని, దాన్ని తప్పు చోట పెట్టుకున్నారు. రోగి ఒంటరివాడయ్యాడు, దోమలు మాత్రం హాయిగా ఉన్నాయి.

మన గుడిలో భయం ఎక్కడుంది?

అదే పొరపాటు మన సంఘాల్లో ఈరోజుకీ ఉంది. టీబీ ఉందని తెలిసిన మనిషి పక్క నుండి లేచి వేరే బెంచీకి పోతారు. హెచ్.ఐ.వి. ఉందని అనుమానం వచ్చిన స్త్రీని ప్రభు భోజనంలో ఆఖరున రమ్మంటారు, లేకపోతే ఆమె వెనుక పాత్ర తాగడానికి వెనకాడతారు. కుష్ఠు నయమైన మనిషిని గుడి గుమ్మం దగ్గరే కూర్చోబెడతారు. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనరు. కాని ఆ మనిషికి అర్థమవుతుంది. మరుసటి నెల రావడం మానేస్తాడు. గుడితో పాటు కొన్నిసార్లు మందులూ మానేస్తాడు, ఎందుకంటే మందులు తెచ్చుకోవడానికి వెళితే నలుగురూ చూస్తారని సిగ్గు.

అందుకని ఆసుపత్రి తరఫున కొన్ని సంగతులు స్పష్టంగా చెబుతున్నాం. హెచ్.ఐ.వి. ఒకే పాత్రలో తాగడం వల్ల రాదు. చేయి కలపడం వల్ల, పక్కన కూర్చోవడం వల్ల, కలిసి భోంచేయడం వల్ల రాదు. క్రమంగా మందులు వాడి, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గినవారి నుండి దాంపత్యం వల్ల కూడా సోకదు. టీబీ గాలి ద్వారా వస్తుంది, ఊపిరితిత్తుల టీబీ ఉండి వైద్యం మొదలుకాని మనిషి దగ్గు నుండి వస్తుంది. పాత్ర అంచు నుండి, బట్టల నుండి రాదు. పనిచేసే మందులు మొదలైన కొద్ది వారాల్లోనే చాలామంది నుండి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. కాబట్టి గుడిలో భయపడవలసినది మందులు వేసుకుంటున్న టీబీ రోగిని చూసి కాదు. రెండు వారాలకు మించి దగ్గుతూ పరీక్ష చేయించుకోని మనిషిని గురించి ఆలోచించాలి. ఆయన్ని కూడా దూరం పెట్టడం కాదు, వెంటబెట్టుకుని కళ్లె పరీక్షకు తీసుకురావాలి. కుష్ఠుకు మందులు మొదలైతే అంటు త్వరలోనే పోతుంది. చేతివేళ్లు వంకరగా మిగిలినంత మాత్రాన ఆ మనిషిలో జబ్బు ఉన్నట్టు కాదు.

మరి ఒకే పాత్ర సంగతి ఏమిటని అడుగుతారు. ఒకే పాత్రలో తాగడం వల్ల జబ్బు వ్యాపించినట్టు రుజువైన సంఘటన నమోదు కాలేదని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ నిపుణులు 1998లో రాశారు. అయినా ప్రమాదం బొత్తిగా లేదని మేము అనము. మన గుళ్లలో చాలా చోట్ల వాడేది పులియని ద్రాక్షరసం, అందులో క్రిములను చంపే సారా ఉండదు. ప్రతివారి తర్వాత శుభ్రమైన గుడ్డతో అంచు తుడిచి పాత్ర తిప్పడం అవసరం. జలుబు, దగ్గు, జ్వరం, నోటిపుండు ఉన్నవారు ఆ వారం రొట్టె మాత్రమే తీసుకోవచ్చు. ఒక్కటి తీసుకున్నా సంస్కారం సంపూర్ణమేనని ఆంగ్లికన్ సంఘ బోధ. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎపిస్కోపల్ పారిష్‌లు పాత్రను పక్కన పెట్టి రొట్టెతోనే గడిపాయి, విశ్వాసం ఏమీ తగ్గలేదు. పెద్ద పాత్రా, చిన్న గ్లాసులా అన్నది మీ సంఘం, మీ బిషప్‌గారు నిర్ణయించుకోవలసిన సంగతి. మేము కోరేది ఒక్కటే. ఏ పద్ధతి పెట్టినా అందరికీ ఒకటే ఉండాలి. ఒక్క మనిషికి వేరే గ్లాసు, ఒక్క మనిషికి చివరి వరుస అన్న పద్ధతి ప్రభు బల్ల దగ్గర ఉండకూడదు.

కొరింథు సంఘంలో ఉన్నవారు ముందే తిని, లేనివారు ఆకలితో ఉండిపోతే, మీలో బలహీనులు, రోగులు అనేకులు ఉండటానికి ఇదే కారణమని పౌలు మందలించిన సంగతి మనకు తెలుసు. సహవాసం చెడితే శరీరం కూడా చెడుతుందన్నది అంత పాత మాట.

స్నేహితులు కావాలని అడిగిన బిషప్

ఇక్కడ మన తెలుగు సంఘపు పెద్ద ఒకరిని తలచుకోవాలి. 1910లో స్కాట్‌లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అప్పటికి దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్యగారు అక్కడ లేచి మాట్లాడారు. మిషనరీలు మాకు ఆస్తి పంచారు, తమ శరీరాలను కూడా అర్పించారు, ఇక మాకు కావలసింది స్నేహం అనే భావంతో ఆయన చెప్పిన మాటలు ఆ సభలో కొందరికి నొప్పి కలిగించాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తమిళ దేశంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, 1945లో కన్నుమూసేదాకా తెలుగు పల్లెల మధ్యనే ఉన్నారు. సంఘంలో కులం పేరున వేరుగా ఉండటాన్ని ఆయన గట్టిగా ఎదిరించారు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ ఇప్పటికీ ఉంది.

ఆయన అడిగిన స్నేహాన్ని మనం ఒకరికొకరం ఇచ్చుకుంటున్నామా? ఆసుపత్రికి సాయం చేసేవారు ఉన్నారు, బీద రోగుల నిధికి కానుక వేసేవారు ఉన్నారు, క్రిస్మస్‌కు పండ్లు పంచేవారు ఉన్నారు. వారందరికీ మా వందనాలు. కాని పండు ఇచ్చి ఫోటో దిగి వెళ్లిపోవడం వేరు, మంచం పక్కన స్టూలు లాక్కుని పది నిమిషాలు కూర్చోవడం వేరు. మొదటిది సాయం. అజరయ్యగారు అడిగింది రెండవది.

ఇది ఆరోగ్యానికి సంబంధించిన మాటే. 2023లో అమెరికా ప్రభుత్వపు ముఖ్య వైద్యాధికారి డాక్టర్ వివేక్ మూర్తి ఒక హెచ్చరిక విడుదల చేశారు. మనుషులతో సంబంధాలు తెగిపోవడం వల్ల ప్రాణానికి వచ్చే ముప్పు రోజుకు 15 సిగరెట్ల వరకూ తాగేంత ఉంటుందని అందులో పోల్చి చెప్పారు. అంతకు ముందు, 2016లో, హార్వర్డ్ పరిశోధకులు 74 వేలకు పైగా మహిళా నర్సులను 16 ఏళ్లపాటు గమనించిన ఫలితాలు ప్రకటించారు. వారానికి ఒకసారికి మించి ఆరాధనకు వెళ్లేవారిలో, అసలు వెళ్లనివారితో పోలిస్తే ఆ కాలంలో మరణాలు 33 శాతం తక్కువగా ఉన్నాయి. గుడికి వెళితే చాలు జబ్బు రాదని దీనికి అర్థం కాదు. ఇలాంటి పరిశీలన కారణాన్ని పూర్తిగా రుజువు చేయలేదు. కాని నలుగురితో కలిసి ఉండటం ఆ మేలులో ఒక భాగమని వారు గమనించారు. బెంచీ మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా లేచి వచ్చే మనిషికి ఆ భాగం అందదు.

ప్రార్థన, మందు

సంఘం రోగిని చూడాలని మేము అంటుంటే, కొన్ని చోట్ల చూడటం పేరుతో కీడు జరుగుతోంది. మందు మానితేనే విశ్వాసం ఉన్నట్టు అని బోధించేవారు ఉన్నారు. మూర్ఛ, షుగరు, మానసిక జబ్బుల మందులు అలా ఆపేసిన వారిని అపాయ స్థితిలో తీసుకువస్తున్నారు. యాకోబు తన పత్రికలో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వారు నూనె రాసి ప్రార్థించాలని చెప్పాడు. వైద్యుణ్ణి పంపేయమని ఎక్కడా చెప్పలేదు. సువార్త రాసిన లూకానే వైద్యుడు. మన మిషన్ ఆసుపత్రులు కట్టినవారు రెండు చేతులూ దేవుడివే అని నమ్మి కట్టారు.

ఉపవాసం సంగతి కూడా. శ్రమకాలపు నలభై రోజుల్లో, సంస్కారం తీసుకునే ఉదయాల్లో చాలామంది ఏమీ తినకుండా వస్తారు. ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరు మాత్రలు వేసుకునేవారు, గర్భిణీలు, కిడ్నీ జబ్బువారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. ఆరాధన మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అది ఆత్మావేశం అనుకోకండి. చక్కెర పడిపోయి ఉండవచ్చు. మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

రోగిని చూడటానికి వెళ్లి ఏ పాపం చేశావు, ఒప్పుకున్నావా అని అడగడం ఇంకొక కీడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అదే ప్రశ్న వేస్తే ప్రభువు వారిని సరిదిద్దాడు. మనకు ఆ పాఠం మళ్లీ చెప్పవలసిన పని లేదు.

మేము కోరేది

ఒక పాస్టరేటులో పది, పదిహేను ఊళ్లు ఉండి ఒక్క అయ్యగారే తిరిగే చోట్లు మనకు చాలా ఉన్నాయి. అంతా ఆయనే చూడాలనడం న్యాయం కాదు. కపెర్నహూములో పక్షవాత రోగిని మోసుకొచ్చిన నలుగురిలో ఒక్కరి పేరైనా లేఖనం చెప్పలేదు. వారు సామాన్యులు, పొరుగువారు. అలాంటి నలుగురు ప్రతి సంఘంలో ఉన్నారు. వారితో మొదలుపెట్టవచ్చు.

1. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు, వారిలో ఒక స్త్రీ తప్పనిసరిగా, రానివారి పట్టిక రాయాలి. రెండు ఆదివారాలు వరుసగా రానివారి ఇంటికి ఆ వారంలోనే వెళ్లాలి. కానుక బాకీ అడగడానికి కాదు, ఎలా ఉన్నారని అడగడానికి.

2. విజ్ఞాపన ప్రార్థనలో రోగుల పేర్లు చదవండి. కాని ముందుగా వారిని అడిగి చదవండి. జబ్బు పేరు మాత్రం ఎప్పుడూ చెప్పవద్దు. హెచ్.ఐ.వి. ఉన్నవారు నమ్మకంతో చెప్పిన సంగతిని వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం కూడా నిషేధిస్తుంది.

3. మంచంలో ఉన్నవారికి సంస్కారం అందేలా అయ్యగారితో మాట్లాడి రోజు పెట్టుకోండి. సంస్కారం ఎవరు ఇవ్వాలన్నది మన సంఘ నియమాల ప్రకారమే జరగాలి. అయ్యగారి వెంట ఇద్దరు వెళ్లి కూర్చోవడానికి ఏ నియమమూ అడ్డు రాదు.

4. టీబీ రోగి ఆరు నెలలూ మందు మింగేలా సంఘంలో ఒకరు తోడు ఉండాలి. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద సంఘాలు కూడా పేరు నమోదు చేసుకుని టీబీ రోగులకు పోషకాహారం ఇవ్వవచ్చు. స్త్రీల మైత్రి వారు తీసే పిడికెడు బియ్యానికి ఇంతకంటే మంచి ఉపయోగం ఏముంది?

5. రోగిని చూడటానికి వచ్చినప్పుడు చేతులు కడుక్కోండి. జలుబు ఉంటే రావద్దు, ఫోను చేయండి. పది నిమిషాలు చాలు. డాక్టరు వద్దన్న తిండి తేవద్దు. ప్రార్థన చిన్నగా, మెల్లగా చేయండి, పక్క మంచం మీద ఉన్నవారు కూడా రోగులే.

6. నెలకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక టీ పెట్టండి. కబురు చేస్తే మా నర్సులు వచ్చి బీపీ, షుగరు చూస్తారు. టీ ఖర్చు ఎక్కువ కాదు. కూర్చోబెట్టి పోసేవారు ఉంటే చాలు.

ఇవి పెద్ద పనులు కావు. వీటికి కొత్త కమిటీ అక్కర్లేదు, విరాళాల పుస్తకం అచ్చువేయనక్కర్లేదు. ఫిలడెల్ఫియా బీదవారు నెలకు ఒక షిల్లింగుతో మొదలుపెట్టారు. మనకు పిడికెడు బియ్యం, ఒక సైకిలు, ఆదివారం మధ్యాహ్నం ఒక గంట ఉన్నాయి.

ఈ సంచిక చదువుతున్న రోగులకు ఒక మాట. మీరు భారం కారు. జబ్బు వచ్చిందని సంఘానికి కబురు చేయడానికి మొహమాటపడకండి, పిలిపించుకోమన్నది లేఖనమే. చదువుతున్న సంఘ కుటుంబాలకూ ఒక మాట. వచ్చే ఆదివారం ఆశీర్వాదం అయ్యాక వెంటనే గుమ్మం వైపు వెళ్లకండి. మీ బెంచీలో రెండు వైపులా చూడండి. ఎవరు లేరో గుర్తుపెట్టుకుని, ఇంటికి పోయే దారిలో ఆ గుమ్మం ముందు ఆగి ఒక్కసారి పిలవండి.

ప్రభువు మిమ్మును, మీ ఇంట్లోని రోగులను దీవించును గాక.